ఉప్పు బస్తాలో కోడిగుడ్డు

మొన్న ఆదివారం మా మనవరాలు వంటింటి గట్టు మీద రెండు గాజు గ్లాసులు పెట్టుకుని నిలబడింది. ఒకదాంట్లో ఉత్త నీళ్లు, ఇంకోదాంట్లో ఉప్పు కలిపిన నీళ్లు. బడిలో ఇచ్చిన పనట. ఉత్త నీళ్లలో వేసిన గుడ్డు అడుక్కి పోయి పడుకుంది. ఉప్పు నీళ్లలో వేసింది పైకొచ్చి తేలింది. దాన్ని ఫోనులో వీడియో తీసుకుంటూ, ఇది ఎందుకిట్ల తేలుతదో నీకు తెల్వది కదా నానమ్మా అని నన్నే అడిగింది. ఏడో తరగతి పిల్ల.

నాకు కోపం తొందరగా వస్తుంది, ఈ వయసులో కూడా. తెలియకేం? ఉప్పు కలిస్తే నీళ్లు బరువెక్కుతాయి, మునిగిన గుడ్డు పక్కకు నెట్టిన నీళ్లు ఆ గుడ్డు కన్నా బరువవుతాయి, అందుకే నీళ్లు దాన్ని పైకి తోసేస్తాయి అని గడగడా అప్పజెప్పాను. పిల్ల నోరు తెరిచింది. ఈ ఒక్క పాఠానికి నేను ఒక ఏడాది చదువు ఇచ్చుకున్నాను అన్నాను. దానికి అర్థం కాలేదు, పక్కనే కూర తరుగుతున్న కోడలికీ కాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

జనగామలో ఈ ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్ తలుపుకే గుడ్లు పెట్టే అర ఉంది. మా బాపమ్మ, అంటే మా బాపును కన్న తల్లి, ఇది చూసి ఉంటే ఫ్రిజ్‌తో సహా మమ్మల్నందరినీ బావి దగ్గర నిలబెట్టి తలల మీద నీళ్లు గుమ్మరించేది. నేను పుట్టిన ఇంట్లో గుడ్డు అనే మాట కూడా గట్టిగా అనేవాళ్లు కాదు. మరీ అవసరమైతే "అది" అనేవాళ్లు.

పాలకుర్తికి రెండు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్లో కిరాణం మాదొక్కటే. ముందర దుకాణం, వెనక ఇల్లు, ఇంకా వెనక బావి, దడి. బెల్లం దిమ్మలు, ఎండు మిరపకాయలు, గ్యాసునూనె డబ్బా, గోనె సంచులు, అన్నీ కలిసి ఒక వాసన. ఆ వాసన నా జుట్టులో, పుస్తకాల్లో, లంగా అంచుల్లో ఉండేది. బడిలో నా వెనక కూర్చున్న పిల్లలు ముక్కుతో గట్టిగా పీల్చి, ఈ పొద్దు మీ ఇంట్ల మిరపకాయలు దిగినయి కదా అని చెప్పేసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది గానీ ఎప్పుడూ తప్పు చెప్పలేదు వాళ్లు.

ఉప్పు బస్తా మాత్రం అరుగు మీదే ఉండేది, మూతి తెరిచి. గల్లు ఉప్పు. పగలూ రాత్రీ, ఎండలోనూ మంచులోనూ అక్కడే. ఉప్పును ఎవరూ ఎత్తుకుపోరని బాపు నమ్మకం. ఎవరూ ఎత్తుకుపోలేదు కూడా. నేను దుకాణంలో పుట్నాలు, బెల్లం ముక్కలు ఎత్తుకుపోయేదాన్ని. బాపమ్మ సర్వపిండి కాల్చిన రోజు పెనానికి అంటిన మాడు గీక్కుని, నువ్వులు పంటి కింద పటపటలాడుతుంటే దడి వెనక కూర్చుని తినేదాన్ని. మా అమ్మ చూసి కూడా చూడనట్టు పోయేది.

రోహిణి కార్తె వచ్చిందంటే దుకాణం ముందు ఇంకో వాసన చేరేది. విత్తనం వడ్లు. వడ్ల బస్తాలు దింపిన మర్నాటి నుంచి రైతులు అరుగు నిండా కూర్చునేవాళ్లు. మృగశిర ఈసారి ముందే కురుస్తదా, చెరువు ఎంత నిండుతది, ఎవరి ఎద్దు కాలు మెలిపడ్డది, మొగుళ్లపల్లి పెండ్లికి బండి కట్టుకుని పోయినోళ్లు వానలో ఎట్ల తడిసి ముద్దయి వచ్చిండ్రు, ఇవే ముచ్చట్లు. నేను తలుపు సందులో నిలబడి అన్నీ వినేదాన్ని.

ఆ ముచ్చట్ల మధ్య బాపు ఇత్తడి గంగాళం తెప్పించేవాడు. అది ఆయన పద్ధతి. బస్తా కట్టు విప్పి, రైతు ఎదురుగానే ఒక మానెడు వడ్లు తీసి గంగాళం నీళ్లలో పోసేవాడు. చేత్తో కలియతిప్పి, ఆగేవాడు. తాలు ఉంటే పైకి తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. పైన తేలిన నాలుగు పొట్టు గింజలను వేలితో తీసి పారేసి, నోటి మాట ఎవడైనా చెప్తడు, నీళ్లల్ల చూసుకోండ్రి అనేవాడు. చుట్టు పక్కల ఎవరూ అలా చూపించి అమ్మేవాళ్లు కాదు. మా బాపు మోసగాడు కాదు. ఈ మాట ముందే చెప్తున్నాను, తర్వాత ఎవరూ ఇంకోలా అనుకోవద్దు.

ఆ ఏడు ఎండాకాలంలో చెడగొట్టు వానలు పడ్డాయి. కప్పులు కారి, ఊళ్లో సగం ఇళ్లలో దాచుకున్న విత్తనం తడిసి ముక్కిపోయింది. నా పక్కన కూర్చునే నా దోస్తు వాళ్ల ఇంట్లోనూ అంతే. వాళ్లకు చెరువు కింద అర ఎకరం మడి ఉంది, అంతకు మించి ఇంకేం లేదు. వాళ్ల బాపు మహదేవపూర్ దిక్కు అడవిలో చెట్లు కొట్టే కూపు పనికి పోయి ఆరు నెలలకోసారి వచ్చేవాడు. మడి పని అంతా వాళ్ల అమ్మదే. నేను ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. ఆ మడి పండకపోతే ఏం తింటరు అని నేనొకసారి నా దోస్తును అడిగితే, ఏమో, మక్కగట్క అని భుజాలు ఎగరేసింది.

అందరూ మా దుకాణం మీదే పడ్డారు. బాపు ఎక్కడి నుంచో లారీ మీద కొత్త వడ్లు తెప్పించాడు. గంగాళంలో పోస్తే మునిగాయి. మొలకకు నాది జిమ్మ, మొలవకపోతె నన్నడుగుండ్రి అని బాపు ఊరందరికీ మాటిచ్చాడు.

బడులు తెరిచారు. ఎనిమిదో తరగతికి కొత్త సైన్సు సారు వచ్చాడు. మానుకోట వైపు రైతుల పిల్లగాడు, సన్నగా ఉండేవాడు, సైకిలు చైను పడిపోతే నూనె చేతులతోనే పాఠం చెప్పేవాడు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. ఆయన రెండో వారమే, రేపు ఎవరన్నా ఒక కోడిగుడ్డు తేండి అన్నాడు. అన్ని చేతులూ లేచాయి, నాది తప్ప. నన్ను చూసి ఎవడో కిసుక్కున నవ్వాడు. సారుకు సంగతి అర్థమైంది కాబోలు, నువ్వు ఉప్పు తే బిడ్డా, నువ్వు లేకపోతె గుడ్డు తేలనే తేలదు అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది.

లంగా అంచులో రెండు దోసిళ్ల ఉప్పు మూట కట్టుకుని పోయాను. గుడ్డు నా దోస్తు తెచ్చింది. సారు బకెట్లో నీళ్లు పోసి గుడ్డు వేశాడు, మునిగింది. ఉప్పు వేసి కలిపాడు, వేసి కలిపాడు. గుడ్డు కదిలి, మెల్లగా లేచి, పైకొచ్చి నెత్తి చూపించింది. బాయిలో ఈత కొట్టినప్పుడు ఒళ్లు తేలికైనట్టు అనిపిస్తది కదా, గదే ఇది అన్నాడు. మగపిల్లలందరూ అవునవునన్నారు. మాకు ఈత ఎవరు నేర్పారు గనక.

ఆ తర్వాత సారు అన్న మాటే నా కొంప ముంచింది. "మా ఇంట్ల విత్తనం గిట్లనే చూస్తం. గుడ్డు రూపాయి బిళ్లంత పైకి తేలేదాక ఉప్పు కలపాలె. అండ్ల వడ్లు పోస్తె సగం నిండిన గింజ కూడా పైకొస్తది. ఉత్త నీళ్లు తాలును పట్టిస్తయి గని అరగింజను పట్టియ్యవు" అన్నాడు.

నా దోస్తు నా వైపు చూసింది. క్లాసంతా చూసింది. బాపు గంగాళం అందరికీ తెలుసు కదా. నాకు తల కొట్టేసినట్టయింది. నేను లేచి నిలబడి, మా బాపు వడ్లు సముద్రంల పోసినా మునుగుతయి సారూ అన్నాను. సారు నవ్వి, చూసినంక చెప్పు అన్నాడు. ఆయన వేళాకోళం చేయలేదు, మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం పంతం పట్టుకుంది.

సాయంత్రం నా దోస్తును అడిగి ఒక గుడ్డు తీసుకున్నాను. అప్పుడే పెట్టింది, వెచ్చగా ఉంది. పుట్టి పన్నెండేళ్లు దాటినా గుడ్డును ముట్టుకోవడం అదే మొదలు. గరుకుగా ఉంటుందని నాకు తెలియదు. చేతిలో పట్టుకుని ఇంటిదాకా నడిచేసరికి చెమటలు పట్టాయి. ఇంట్లోకి తీసుకుపోతే బాపమ్మ ముక్కు వదిలిపెట్టదు. అరుగు మీద ఉప్పు బస్తా కనబడింది. మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఉప్పులో గుడ్డును దాచేశాను. మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం బాపమ్మ నడుం వాల్చినప్పుడు చెయ్యొచ్చు, బాపు వడ్లు మునుగుతాయి, సోమవారం పోయి సారుకు చెప్పొచ్చు. ఇదీ నా ఎత్తు.

ఆదివారం పొద్దున్నే అరుగు మీద జనం. వాన మబ్బులు కమ్ముకుని ఉన్నాయి, అందరికీ ఆ పూటే వడ్లు నానబోయాలని తొందర. అత్త కూడా వచ్చింది, వెంట నా దోస్తు. బాపు గంగాళంలో చూపిస్తున్నాడు, వడ్లు మునుగుతున్నాయి, బస్తాలు కదులుతున్నాయి. అప్పుడే ఒక ముసలామె ఉప్పు కోసం వచ్చి తన చేత్తో తానే తోడుకుంటూ ఆగింది. బయటికి తీసిన చేతిలో గుడ్డు.

"సేటూ, మీ ఉప్పు గుడ్లు పెడ్తున్నదా ఏంది" అన్నది.

అరుగంతా నవ్వు. ఆ నవ్వుకు లోపలి నుంచి బాపమ్మ వచ్చింది. చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒంటికాలి మీద లేచింది. ఉప్పంతా అంటయిపోయింది, బస్తా వీధిలోకి లాగండి, ఒక్క గల్లు కూడా ఇంట్లోకి రావద్దు అన్నది. ఇద్దరు మనుషులు నిండు బస్తాను ఈడ్చి రోడ్డు మీద పడేశారు. ఎవరి పని అని బాపు అడిగాడు. నా దోస్తు మొహం పాలిపోయింది. గుడ్డు ఎవరింటిదో ఊరికి చెప్పక్కర్లేదు కదా. నేను ముందుకు వచ్చి, నేనే దాచిన అన్నాను.

కొట్టేవాడే. కానీ నలుగురూ ఉన్నారు. ఎందుకు దాచినవ్ అన్నాడు. చెప్పాను. సారు చెప్పింది, నేను క్లాసులో అన్నది, అంతా చెప్పాను. మన వడ్లు ఉప్పు నీళ్లల్ల కూడా మునుగుతయని చూపెడ్త బాపు అన్నాను. ఒక పెద్ద రైతు, సూపియ్యి బిడ్డా, ఉప్పు ఎట్లనన్న పారబోసేదే కదా అన్నాడు. బాపు మీసం మీద చెయ్యి వేసుకుని, కానియ్యి అన్నాడు. ఆయనకూ తన వడ్ల మీద అంత నమ్మకం.

గంగాళం ఇయ్యనని బాపమ్మ అడ్డం నిలబడింది. దుకాణం ముందర బండ్ల ఎద్దులకు నీళ్లు పెట్టే మట్టి గోలెం ఉండేది. అందులో నీళ్లు పోశాను. గుడ్డు వేశాను, మునిగింది. కుళ్లిన గుడ్డయితే ఉత్త నీళ్లల్లనే తేలుతది, గిది మంచిదే అని ముసలామె సాక్ష్యం పలికింది. మానెడు వడ్లు పోశాను, అవీ మునిగాయి. బాపు అందరి వైపూ చూశాడు. అప్పుడు రోడ్డు మీది బస్తాలోంచి దోసిళ్లతో ఉప్పు తెచ్చి పోయడం మొదలుపెట్టాను. నా దోస్తు కట్టెతో కలుపుతోంది. ఎన్ని దోసిళ్లు పోశానో నాకే తెలియదు. చేతులు మండుతున్నాయి, గోళ్ల సందుల్లో మంట.

గుడ్డు లేచింది. రూపాయి బిళ్లంత బయటపడింది. దాని చుట్టూ వడ్లు కూడా లేచాయి.

ఒకటీ అరా కాదు. కలిపినకొద్దీ వస్తున్నాయి. నీళ్ల మీద వడ్ల చాప పరిచినట్టయింది. నేను చేత్తో తోసి చూశాను, మళ్లీ పైకే వచ్చాయి. పోసిన వాటిలో సగం పైనే ఉన్నాయి. ఒక గింజ తీసి గోటితో నొక్కితే లోపల బియ్యపు గింజ సన్నగా, ముడుచుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. మునుగుతాయని పోశాను నేను.

బాపు రెండు క్షణాల్లో తేరుకున్నాడు. "ఉప్పు నీళ్లల్ల ఏదన్న తేలుతది. పిల్లల ఆట గిది. లేవుండ్రి, వాన వస్తున్నది" అన్నాడు. మనుషులు అవునన్నట్టు తలలూపారు. సేటు మాట మీద వాళ్లకు అంత గురి. అత్త చుట్టబట్ట నెత్తిన పెట్టుకుని, ఇంకొకరి సాయంతో వడ్ల మూట నెత్తికెత్తుకుంది. వెనక్కి తిరిగి రోడ్డు మీదికి రెండడుగులు వేసింది.

ఇప్పుడు నేను ఊరుకోవాలి. అమ్మ తలుపు చాటు నుంచి కళ్లతోనే ఊరుకో అంటోంది. ఇన్నేళ్లుగా ఆ క్షణం గురించి నాతో చాలామంది చాలా అన్నారు. ఊరుకుంటే పోయేది కదా అన్నారు. ఏం పోయేది? అత్త మడి పోయేది.

దుకాణం చూరుకు పిచ్చుకల కోసం వరి కంకుల కుచ్చు కట్టి ఉంటుంది. ఎండాకాలం కోసే యాసంగి పంటలో మొదటి కోత కంకులు ఎవరో ఒకరు తెచ్చి కట్టేవాళ్లు, ఊళ్లో అదొక పద్ధతి. వాన తగలని చోటు గనక అవి తడవలేదు. నేను పీట వేసుకుని ఎక్కి, ఆ కుచ్చు గుంజి, అరచేతుల్లో నలిపి, తుక్కు ఊది, గోలెంలో తేలుతున్న వడ్లన్నీ చాటతో తోడి అవతల పోసి, ఆ గింజలు వేశాను. అదే ఉప్పు నీళ్లు. గుడ్డు ఇంకా అక్కడే తేలుతోంది.

రాళ్లలాగా మునిగాయి. నాలుగో అయిదో మిగిలాయి పైన.

"ఉప్పు నీళ్లల్ల ఏదన్న తేలుతదంటివి గద బాపు" అన్నాను. "గివి ఎందుకు తేలలేదు?"

వాన చినుకు ఒకటి గోలెంలో పడింది. అత్త మెల్లగా వెనక్కి తిరిగి వచ్చి, ఎవరి సాయమూ అడగకుండా మూట దింపి, అరుగు మీద పెట్టింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. మధ్యాహ్నానికి ఊళ్లోకి పోయిన బస్తాలు కూడా తిరిగి వచ్చాయి. బాపు అన్నీ వాపసు తీసుకున్నాడు. ఆ వారంలోనే తానే పోయి వేరే చోటి నుంచి ఇంకో లారీ దింపించాడు. ఊళ్లో నార్లు వారం ఆలస్యంగా పోశారు, కానీ పోశారు.

నన్ను బాపమ్మ బావి దగ్గర నిలబెట్టి పసుపు నీళ్లతో ముంచెత్తింది. కట్టుకున్న లంగా దడి అవతల పారేసింది. గుడ్డు నా దోస్తు తీసుకుపోయి ఉడకబెట్టుకుని తిన్నది. ఎవరి ఆచారం వాళ్లది.

ఆ సాయంత్రం బాపు నన్ను పిలిచాడు. గొంతు పెంచలేదు. గుడ్డు సంగతి ఎత్తలేదు, ఉప్పు సంగతీ ఎత్తలేదు. "నలుగుర్ల నా మాట కొట్టేసినవ్. రేపు గదే అరుగు మీద నిలబడి, నేను తెల్వక చేసిన, తప్పయింది అను. అన్నవంటె బడికి పో. అనకపోతె ఇంట్లనే ఉండు" అన్నాడు.

మర్నాడు అరుగు మీద జనం చేరారు. నేను తలుపులో నిలబడ్డాను. బాపు నా వైపు చూశాడు. నేను నోరు తెరవలేదు. బడి గంట వినబడింది, అటు నుంచి పిల్లల అరుపులు వినబడ్డాయి. నేను లోపలికి పోయి చింతపండు గింజలు తీయడానికి కూర్చున్నాను.

అలా ఆరు నెలలు. చెప్తే వినడానికి చిన్నగా ఉంటుంది. పొద్దున గంట, మధ్యాహ్నం గంట, సాయంత్రం పొడుగు గంట. ప్రతి గంటకూ చేతిలో పని వదిలి దడి దగ్గరికి పోయేదాన్ని. నా దోస్తు రోజూ దడి అవతల నిలబడి ఆ రోజు పాఠాలు చెప్పేది. సగం తప్పులే చెప్పేది, లెక్కల్లో మరీ. అమ్మ తల దువ్వుతూ, ఒక్క మాట అంటే నోరు అరుగుతదా బిడ్డా అని బతిమాలేది. అరిగేది నోరు కాదమ్మా అనేదాన్ని. అంతకు మించి చెప్పడం నాకు చేతనయ్యేది కాదు.

ఒకసారి సారు దుకాణానికి వచ్చాడు. సబ్బు కొన్నాడు. మీ బిడ్డ తప్పేం చేయలేదు సేటూ, తెలివిగల పిల్ల, బడికి పంపండ్రి అన్నాడు. బాపు సబ్బు కాగితంలో చుట్టి, ఇంకేమన్న కావాల్నా సారూ అని అడిగాడు. సారు నిలబడి నిలబడి వెళ్లిపోయాడు. నేను బియ్యం బస్తాల వెనక కూర్చుని ఏడ్చాను. బాపు మీద అంత కోపం నాకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

వింతేమిటంటే, నాతో మొదట మాట కలిపింది బాపమ్మ. ఒకరోజు పప్పు ఏరుతూ ఏరుతూ, "అది" లేకుండా ఆ పని కాదా అని అడిగింది. ఉత్త నీళ్లల్ల మునిగి ఉప్పు నీళ్లల్ల తేలేది ఏదన్న ఉంటే అయితది అన్నాను. మర్నాడు పెరట్లో బకెట్ పెట్టుకుని నిమ్మకాయ వేసింది, ఉత్త నీళ్లలోనే తేలింది. చింతగింజ వేసింది, ఎంత ఉప్పు పోసినా లేవలేదు. గచ్చకాయ అన్నది, పసుపుకొమ్ము అన్నది. ఇద్దరం ఒకరితో ఒకరం సరిగ్గా మాట్లాడుకోకుండానే ఇంట్లో ఉన్నవన్నీ వేసి చూశాం. చివరికి ఆలుగడ్డ కుదిరింది. ఆమె దాన్ని తుడిచి కొంగులో దాచుకుంది. ఎందుకో నేను అడగలేదు.

యాసంగి విత్తనం దిగిన రోజు తెలిసింది. తెల్లవారి బావికి నీళ్లకు పోతే పెరట్లో బాపు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందర గంగాళం. పక్కన ఉప్పు, బాపమ్మ చేతిలో ఆలుగడ్డ. దుకాణం తెరవక ముందే, ఎవరూ చూడకుండా, ఒక్కో బస్తాలోంచి మానెడు తీసి పోసి చూస్తున్నాడు. తేలిన వాటిని లెక్కగా పక్కన పెడుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపాడు. బాపమ్మ లేచి లోపలికి పోయింది.

"అరుగు మీద వద్దు. ఈడ ఎవరు లేరు. నాకొక్కనికే చెప్పు, తప్పయింది బాపు అని. రేపు నేనే తోలుకపోయి బడిల దింపుత" అన్నాడు.

ఆయన గొంతు ఎప్పటిలాగా లేదు. ఆ గొంతు విని నేను దాదాపు అనేశాను. మాట నాలుక మీదికి వచ్చింది. ఎవరూ లేరు, ఎవరూ వినరు, రేపు బడి. నేనంటే ఆయనకు ప్రేమ అని కూడా నాకు తెలుసు.

"ఆ రోజు నేను ఊకుంటె, నువ్వు బస్తాలు వాపసు తీసుకునేటోనివా బాపు?" అని అడిగాను.

బాపు తడి చెయ్యి ధోతికి తుడుచుకున్నాడు. అవును అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నమ్మేదాన్నేమో. క్షమించమని కాళ్లు పట్టుకునేదాన్నేమో.

"కాదు" అన్నాడు.

నేను కడవ దించి, నీళ్లు తోడుకుని లోపలికి పోయాను. మర్నాడు పొద్దున తలకు నూనె రాసుకుని, నేనే జడ వేసుకుని, మేకుకు తగిలించి ఉన్న సంచి తీసుకున్నాను. దడి సందు నుంచి పోతే ఎవరికీ కనబడను. నేను దుకాణంలోంచి, మనుషుల మధ్య నుంచి నడిచాను. బాపు పప్పు తూస్తున్నాడు. నన్ను చూశాడు. తక్కెడ చేతిలో అలాగే ఉండిపోయింది, రాయి కిందా పైనా ఊగింది. పొమ్మనలేదు, ఆగమనలేదు. నేను అడగలేదు.

హాజరు చాలదని ఆ ఏడు పరీక్షకు నన్ను కూర్చోనియ్యలేదు. నా దోస్తు తొమ్మిదికి పోయింది, నేను మళ్లీ ఎనిమిదే చదివాను, నాకన్నా చిన్న పిల్లల మధ్య, వెనక బెంచీలో. సిగ్గుగానే ఉండేది. బాపు బతికి ఉన్నన్నాళ్లూ ప్రతి కార్తెకూ విత్తనాన్ని ఉప్పు నీళ్లలో చూసే అమ్మాడు, అరుగు మీదే, ఆలుగడ్డతోనే. ఆ పద్ధతి ఎక్కడిదని ఎవరైనా అడిగితే మా అమ్మ నేర్పింది అని బాపమ్మ పేరు చెప్పేవాడు. నా పేరు ఎన్నడూ చెప్పలేదు. ఆ ఒక్క "కాదు" అనడానికి ఆయనకు ఎంత కష్టమై ఉంటుందో నాకు నా పిల్లలు పెద్దవాళ్లయ్యాక తెలిసింది. అది తలచుకున్నప్పుడల్లా కళ్లు నిండుతాయి. అయినా తప్పయిందని మాత్రం అనను. అప్పుడు అనలేదు, ఆయన పోయిన రోజు అనలేదు, ఇప్పుడూ అనను.